విదేశములకు తపాలాలో పంపు గృహౌషధములు – కస్టమ్స్ నిబంధనలు

కుమార్తె పురిటికి సిద్ధముగా నున్నదని తెలియగానే తల్లి మొదట చేయు పని బాలింత కాయమునకు సామాను సమకూర్చుకొనుట. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, వెల్లుల్లి, పాత బెల్లము, ఆవు నేయి – ఇవన్నియు పచారీ కొట్టులోనే దొరకును. కుమార్తె విజయవాడలోనో వరంగల్లులోనో ఉన్నయెడల డబ్బా చేతికిచ్చి రావచ్చును. ఆమె డల్లాసులోనో, లండనులోనో, సింగపూరులోనో ఉన్నప్పుడు మాత్రము ఆ కాయపు డబ్బా రెండు దేశముల కస్టమ్స్ అధికారుల చేతుల మీదుగా పోవలసియున్నది.

తపాలా ఖర్చు ఎంత, ఎన్ని దినములలో చేరును అను రెండు ప్రశ్నలు మాత్రమే అడిగి పార్సెలు కట్టువారు మనలో అధికులు. అది చేరక తిరిగివచ్చినపుడు, లేదా ఆ దేశపు అధికారులు నాశనము చేసితిమని తెలియజేసినపుడు, పోస్టాఫీసు వారిని నిందించుట పరిపాటి. పార్సెలు ఆగిపోవుటకు కారణము తరచుగా మన వంటింటిలోనే యుండును. డబ్బాలోని ద్రవ్యమేది, దానిని దేనికొరకని వ్రాసితిమి – ఈ రెండింటిని బట్టియే ఆ దేశపు చట్టము నడచును. పంపువారి ప్రేమను కొలుచు గడి ఏ ఫారములోను లేదు.

ఆహారమా, ఔషధమా?

మన శాస్త్రములో ఆహారమునకును ఔషధమునకును నడుమ గోడ లేదు. పసుపు కూరలోను పడును, గాయముమీదను పడును. కస్టమ్స్ చట్టములకు మాత్రము ఆ గోడయే ఆధారము. ప్రపంచ దేశములన్నియు వాడుకొను సుంకపు పట్టికలో పసుపు సంఖ్య 0910.30, అనగా సుగంధ ద్రవ్యముల వర్గము. అదే పసుపును మోతాదులుగా కట్టి, వ్యాధి నివారణకని ముద్రించిన పెట్టెలో పెట్టినచో అది 30.04 అను ఔషధముల వర్గములోనికి పోవచ్చును. అమెరికా చట్టము ఈ విషయమున మరింత స్పష్టముగా నున్నది. వ్యాధిని కుదుర్చుటకని చెప్పి ఇచ్చు వస్తువేదైనను అక్కడ ఔషధమే. కనుక శొంఠి పొడి పొట్లముపై "జలుబు, దగ్గు, అజీర్తికి దివ్యౌషధము" అని ఇంటివారు మురిపెముతో వ్రాసి అంటించిన చీటీయే ఆ పొట్లమునకు అడ్డు కాగలదు.

దీనిని ఒక ఉపాయముగా పాఠకులు భావింపరాదు. వంటకు పంపు శొంఠిని వంట సామాను అని వ్రాయుట సత్యము. కంపెనీ వారు తయారుచేసి, మోతాదు ముద్రించి, లైసెన్సు సంఖ్య వేసిన త్రిఫల చూర్ణమును మసాలా పొడి అని వ్రాయుట అసత్య ప్రకటన. మొదటిదానికి రక్షణ కలదు. రెండవదానికి లేదు.

అమెరికాకు ఆహార పదార్థములు పంపువారు తెలిసికొనవలసిన సంగతి మరొకటి కలదు. 2002 నాటి చట్టమును అనుసరించి, ఆ దేశమునకు పోవు ఆహారమును గురించి ఎఫ్.డి.ఏ. అను ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు ముందుగా తెలియజేయవలెను. కాని ఒక వ్యక్తి తన ఇంటిలో స్వయముగా తయారుచేసి, వ్యాపారము కొరకు గాక, మరొక వ్యక్తికి కానుకగా పంపు ఆహారమునకు ఈ ముందస్తు నోటీసు అక్కరలేదు. మన ఇంటి ఆవకాయ, కారప్పొడి, సున్నుండలు ఈ మినహాయింపులోనికి వచ్చును. దుకాణములో కొన్న స్వీట్ల పెట్టె రాదు. అంగడి సరుకునకు సీలు, ముద్ర ఉండును గావున అదే క్షేమమని అనుకొనుట లోకరీతి. ఇక్కడ ఇంటి సరుకునకే వెసులుబాటు ఎక్కువ. నోటీసు లేకపోయినంత మాత్రమున తనిఖీ ఉండదని అర్థము కాదు.

ఇక ఔషధముల సంగతి. ఎఫ్.డి.ఏ. మన ఆయుర్వేద ఔషధములను ఔషధములుగా పరీక్షించి ఆమోదించియుండలేదు. స్వంత వాడుకకు తెప్పించుకొను కొద్దిపాటి మందులను – సాధారణముగా మూడు నెలలకు మించని పరిమాణమును – అక్కడి అధికారులు చూచి విడిచిపెట్టుట కలదు గాని, అది వారి విచక్షణయే. మన హక్కు కాదు. ఆస్ట్రేలియా, సింగపూరు దేశములు కూడ స్వంత వాడుక మందులకు మూడు నెలల కొలతనే పాటించుచున్నవి. ఏడాదికి సరిపడు లేహ్యము ఒకేసారి పంపినయెడల అది అమ్మకమునకు పోవుచున్నదను అనుమానమునకు తావిచ్చును. అట్లే అల్లునికి పంపుచు అతని మిత్రులకు గూడ కలిపి పంపుట తగదు.

వస కొమ్ము, కాటుక, కాయము

పసిబిడ్డకు మాట త్వరగా వచ్చుటకు వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయుట మన ఇండ్లలో తరతరముల ఆచారము. అమ్మమ్మలు విదేశములకు పంపు మూటలో వస కొమ్ము తప్పక యుండును. అమెరికాలో 1968 నుండి వసను, దాని తైలమును, సారమును ఆహారములో కలుపుట నిషిద్ధము. వస తైలములోని బీటా అసరోన్ అను పదార్థమే ఈ శంకకు మూలము. ఎలుకలకు ఆ తైలము పెట్టి చూచిన ప్రయోగములలో కణితులు కనబడినవి. మన వైద్యులు వసను శుద్ధి చేసి, కొలత ప్రకారము వాడుదురు. ఆ తేడా కస్టమ్స్ బల్లమీద చెల్లదు. పైగా ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదని నేటి పిల్లల వైద్యులు ఇక్కడను అక్కడను చెప్పుచున్నారు గనుక, తేనెలో వస అను అలవాటును పార్సెలు కట్టుటకు ముందే పునరాలోచించుట మంచిది.

కాటుక, సుర్మాలు కూడ ఇట్టివే. కంటికి పెట్టు కాటుకను ఎఫ్.డి.ఏ. తాను అనుమతించిన రంగు పదార్థములలో చేర్చలేదు. బజారులో దొరకు కొన్ని సుర్మాలలో సీసము అత్యధికముగా నుండుటయే దీనికి ముఖ్య కారణము. ఇంటిలో ఆముదపు దీపము మీద పట్టిన మసి వేరు, బజారు సుర్మా వేరు అని మనకు తెలియును. డబ్బా మూత తీసి చూచు అధికారికి రెండును నల్లగానే కనబడును.

కాయము విషయములో అడ్డంకి నేయి. బ్రిటను, ఐరోపా సమాఖ్య దేశములు మన దేశమునుండి వ్యక్తులు తపాలాలో పంపు పాల ఉత్పత్తులను, మాంసమును అనుమతింపవు. నేతి డబ్బా, పాలకోవా, పూతరేకులు – కానుకయైనను, కొద్దియే యైనను – ఈ నిషేధములోనివే. నేయి కలిసిన లేహ్యములు సయితము ప్రశ్నకు గురికావచ్చును. కావున కాయమును నేయి, బెల్లము కలుపక పొడిగానే పంపి, వాటిని అక్కడ కలుపుకొనుమని చెప్పుట మేలు. నేయి ఆ దేశముల దుకాణములలో దొరకును. పొడి నిలువ కూడ ఎక్కువ కాలముండును. బాలింతరాలికి బిడ్డకు పాలిచ్చు తరుణములో ఇతర మందులు నడచుచున్నచో, కాయములోని దినుసుల పట్టికను అక్కడి డాక్టరుకు చూపించుమని ఉత్తరములో ఒక్క వాక్యము చేర్చవలెను.

భస్మములు, రసౌషధములు

ఈ విషయము కస్టమ్స్ నిబంధనకంటె పెద్దది. 2004లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో వెలువడిన ఒక అధ్యయనములో, బోస్టన్ పరిసరములలోని దక్షిణాసియా దుకాణములలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షింపగా 14 ఉత్పత్తులలో సీసము, పాదరసము, పాషాణము – వీటిలో ఒకటియో అంతకు మించియో – కనబడినవి. 2011–12లో న్యూయార్కు నగర ఆరోగ్య శాఖ, మన దేశపు ఆయుర్వేద మాత్రలు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తములో సీసము హెచ్చుగా ఉన్నట్లు కనుగొన్నది. గర్భిణి రక్తములోని సీసము మావి గుండా శిశువునకు చేరును. బిడ్డ మెదడు ఎదుగుదలకు హాని చేయని సీసపు పరిమాణమేదియు ఇంతవరకు తేలలేదు.

శోధన, మారణ సంస్కారములు యథావిధిగా జరిగిన భస్మము నిర్దోషమని రసశాస్త్రము తెలిసిన వైద్యులు వాదింతురు. ఆ వాదమునకు వేరే వేదిక కలదు. తల్లి ఇక్కడ నాడి చూడని, అక్కడ ఎవరును నాడి చూడని గర్భిణికి, పసిపిల్లలకు పారదము, నాగము, హరితాళము వంటివి చేరిన మందులను తపాలాలో పంపుట ఏ శాస్త్రమునకును సమ్మతము కాదు. ఈ అభిప్రాయములో సడలింపునకు తావు లేదు.

మన ప్రభుత్వము 2006 జనవరి 1 నుండి ఎగుమతికి పోవు కేవల మూలికా ఔషధములకు భారలోహ పరీక్షను తప్పనిసరి చేసినది. పది లక్షల భాగములలో సీసము 10, పాషాణము 3, పాదరసము 1, కాడ్మియము 0.3 భాగములకు మించరాదు. అంగడిలో కొను మందునకు ఈ పరీక్ష జరిగినదో లేదో అడుగుట కొనువారి హక్కు. విష ద్రవ్యములు చేరిన ఆయుర్వేద మందుల సీసాపై, వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనను హెచ్చరిక ఆంగ్లములోను, హిందీలోను ముద్రించియుండవలెను. ఆ హెచ్చరిక కనబడిన ఏ మందును పార్సెలులో పెట్టకుండుట సులభమైన నియమము.

పోపుపెట్టెలోని అపాయము

గసగసాలను గురించి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. నిద్ర పట్టనివారికి గసగసాల పాలు, అతిసారమునకు గసగసాల ముద్ద మన చిట్కాలలో ప్రసిద్ధములు, మసాలాలలో సరేసరి. అవి నల్లమందు మొక్క గింజలు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియా, సింగపూరు దేశములలో గసగసాలు నిషిద్ధ వస్తువు. మన కిరాణా కొట్టులో చీటీ వ్రాసి కొను సరుకు దుబాయిలో మాదకద్రవ్యపు కేసు కాగలదు, అదియును పంపినవారి మీద గాక పుచ్చుకొన్నవారి మీద. గల్ఫు దేశములలో పనిచేయు మన తెలంగాణ, కోస్తా, రాయలసీమ బిడ్డలకు మసాలా పొడి పంపునప్పుడు అందులో గసగసాలు కలిసినవా అని ఒకసారి కాదు, రెండుసార్లు చూడవలెను. గంజాయి ఆకు, అనగా విజయ, చేరు వాజీకరణ లేహ్యములు కొన్ని కలవు. మాదకద్రవ్యములు ప్రపంచ తపాలా ఒడంబడిక ప్రకారము ఏ దేశమునకును తపాలాలో పంపదగినవి కావు.

ద్రాక్షారిష్టము, అశోకారిష్టము వంటి ఆసవారిష్టములలో పులియుటవలన సహజముగా మద్యసారము పుట్టును. ఎంత శాతమో లేబులు చూచి తెలిసికొనవచ్చును. మద్యమును నిషేధించిన సౌదీ వంటి దేశములకు వీటిని పంపరాదు. కర్పూరమునకు మరొక చిక్కు కలదు: అది త్వరగా అంటుకొను ఘన పదార్థము గనుక విమానములో పోవు తపాలాకు పనికిరాదు. పూజకు పంపు కర్పూరపు పొట్లము, ఒంటి నొప్పులకు పంపు కర్పూర తైలము రెండింటిని మానుకొనుడు. తైలములు ఏవైనను సీసా పగిలినచో తక్కిన సామానును, ఇతరుల పార్సెళ్ళను కూడ పాడుచేయును.

అడవి నుండి వచ్చినవి

రక్తచందనము మన శేషాచలము, వెలిగొండ, నల్లమల కొండల సొత్తు. మొటిమలకు అరగదీసి పూయుటకు ఒక చిన్న చెక్క పంపితే ఏమగునని కొందరు అడుగుదురు. అంతరించు జీవజాతుల వ్యాపారమును నియంత్రించు సైటిస్ ఒడంబడికలో రక్తచందనము చేరియున్నది. మన దేశము దాని ఎగుమతిని కఠినముగా నియంత్రించుచున్నది. చెక్క చిన్నదైనను స్కానింగు యంత్రములో ఎర్ర చందనము ఎర్ర చందనమే. జటామాంసి, సర్పగంధ, కటుకరోహిణి వేరులు కూడ ఆ ఒడంబడిక పట్టికలలో ఉన్నవి. కోష్ఠు అందులో అతి కఠినమైన మొదటి పట్టికలోనిది. కస్తూరి మాట తలపనేరాదు. ఎక్కిళ్ళకు వాడు నెమలి పింఛ భస్మమునకై ఈకలు పంపుట కూడ నేరమే. నెమలి ఈకల ఎగుమతి మన దేశములో నిషిద్ధము.

పచ్చి కరివేపాకు నిమ్మ కుటుంబపు మొక్క. నిమ్మ, నారింజ తోటలను నాశనము చేయు తెగులును వ్యాపింపజేయు పురుగు దానిపై బ్రదుకును గావున అమెరికా దానిని రానీయదు. ధాన్యపు పురుగు భయముచే 2011 నుండి మన బియ్యమును గూడ వ్యక్తులు పంపు పార్సెళ్ళలో రానీయుట లేదు. పథ్యమునకు పాత బియ్యము పంపు ఆలోచన విరమింపవలెను. న్యూజిలాండు తేనెను అనుమతింపదు. ఆస్ట్రేలియాలో 2015 నాటి జీవభద్రతా చట్టమును అనుసరించి మొలకెత్తగల గింజలను నిశితముగా పరీక్షింతురు.

ఫారము నింపు పద్ధతి

తక్కువ విలువగల చిన్న ప్యాకెట్లకు సి.ఎన్. 22, పార్సెళ్ళకు సి.ఎన్. 23 అను కస్టమ్స్ ప్రకటన పత్రములు వాడుదురు. 2021 నుండి ఈ వివరములు పార్సెలు కంటె ముందుగా కంప్యూటరు ద్వారా ఆ దేశమునకు చేరుచున్నవి. కనుక మనము వ్రాసినది పెట్టె బయలుదేరకముందే అక్కడివారు చదువుదురు.

"మెడిసిన్", "ఫుడ్", "గిఫ్ట్ ఐటమ్స్" అని ఒక్క మాటతో సరిపెట్టుట పెక్కు పార్సెళ్ళు ఆగుటకు కారణము. "చూర్ణము" అని వ్రాసినను ప్రయోజనము లేదు. తెల్లని, గోధుమ రంగు పొడులు ఏ దేశపు అధికారికైనను అనుమానాస్పదములే. ప్రతి వస్తువును వేరుగా, ఆంగ్లములో, దినుసు పేరుతో వ్రాయవలెను: పసుపు పొడిని "టర్మరిక్ పౌడర్ ఫర్ కుకింగ్" అని, బరువు 250 గ్రాములు, విలువ రూపాయలలో, తయారైన దేశము ఇండియా అని. త్రిఫలకు కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల పేర్లు మూడును వ్రాయవలెను. పొట్లము మీద అవే మాటలు ఉండవలెను. కంపెనీ మందును దాని అసలు పెట్టెలోనే, బిల్లుతోను, వైద్యుని చీటీతోను పంపవలెను; సీసా మార్చి పోయరాదు. విలువ సున్న అని వ్రాయరాదు. పంపువారి గుర్తింపు పత్రము నకలు వెంట తీసికొనిపోవలెను.

మన వైపు నుండి, ఏడాదికి 5 లక్షల రూపాయల విలువ వరకు వస్తువులను కానుకగా పంపుటకు విదేశీ వ్యాపార విధానము అనుమతించుచున్నది. ఎగుమతిపై నిర్బంధము గల వస్తువులకు ఈ సౌలభ్యము వర్తింపదు. ఇంటి పార్సెలు ఈ పరిమితిని చేరుట అరుదు.

పుచ్చుకొను దేశపు సుంకములు వేరు. బ్రిటనులో 39 పౌండ్లు, ఐరోపా సమాఖ్యలో 45 యూరోలు, కెనడాలో 60 డాలర్ల విలువ వరకు గల కానుకలకు పన్ను లేదు. అమెరికా 2025 ఆగష్టు 29 నుండి 800 డాలర్ల మినహాయింపును తొలగించినది. 100 డాలర్ల లోపు కానుకలను మాత్రము నాటి ఉత్తర్వులలో విడిచిపెట్టినది. ఆ గందరగోళములో మన తపాలా శాఖ అమెరికాకు బుకింగు ఆపి, ఆ ఏడు అక్టోబరు 15న సుంకమును ఇక్కడనే ముందుగా వసూలు చేయు పద్ధతితో మరల ప్రారంభించినది. ఈ లెక్కలు మారుచుండును గనుక బుకింగు రోజున కౌంటరులో అడుగవలెను. కానుకకు సుంకము లేదనుట ఒకటి, దానిని లోపలికి రానిచ్చుట వేరొకటి. "గిఫ్ట్" గడిలో గీత పెట్టినంత మాత్రమున గసగసాలు గాని, నేయి గాని పోవు.

పార్సెలు పత్రములో చివరగా ఒక చిన్న గడి కలదు: చిరునామాదారుకు అందనిచో ఏమి చేయవలెనని. తిప్పి పంపుమని గీత పెట్టినచో తిరుగు ఖర్చు పంపినవారే భరింపవలసి వచ్చును. వదలివేయుమని గీత పెట్టినచో అది అక్కడనే పోవును. విలువగల చీర, వెండి గిన్నె వంటివి ఉన్నప్పుడు మొదటిది, కేవలము పొడులు, పచ్చళ్ళు అయినప్పుడు రెండవది తగును. నెలలు తిరిగి ఇంటికి వచ్చిన లేహ్యమును, చూర్ణమును ఎండకు, తేమకు లోనైనదిగా ఎంచి పారవేయవలెను. వృథా కాకూడదని మరల ఇంటిలో వాడరాదు.